ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే అందరికీ రావాల్సిందేనా? టీకాతో ఎంత తేడా? తరచుగా అడిగే ప్రశ్నలు

వైజాగ్‌లో స్కూళ్ళు తెరిచేదీ జూన్‌లోనే, వానలు పట్టుకునేదీ జూన్‌లోనే. ఆ తర్వాత రెండు మూడు వారాలకి ఏ అపార్ట్‌మెంట్ గ్రూపు చూసినా ఒకటే గోల, "మా బాబుకి జ్వరం అండీ, ఇప్పుడు మా అత్తగారికీ పట్టుకుంది, టీకా వేయించాం కదా మరి ఎందుకొచ్చింది" అని. నేను ప్రజారోగ్యం వైపు పనిచేస్తా కాబట్టి ఇవన్నీ తిరిగి తిరిగి నా దగ్గరకే వస్తాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టేస్తున్నా, ఎక్కువగా ఫ్లూ, కోవిడ్ లాంటి గాలిలో పాకే జబ్బుల గురించి. మందులు, డోసులు మాత్రం మీ డాక్టరే చెప్పాలి, ఇక్కడ వెతక్కండి.

టీకా వేయించుకున్నా వచ్చింది కదండీ, ఇంకెందుకు వేయించుకోవడం?

అందరూ ముందు అడిగేది ఇదే. ఇందులో మూడు విషయాలు కలిసిపోయి ఉన్నాయి, విడదీసి చూడాలి. ఒకటి, వైరస్ మనకి అంటుకోవడం. రెండోది, అంటుకున్నాక జబ్బు ముదరడం, అంటే ఊపిరితిత్తుల దాకా దిగి ఆస్పత్రిలో పడుకోబెట్టడం. మూడోది, మన నుంచి పక్కవాళ్ళకి వెళ్ళడం. టీకా ఈ మూడింటి మీదా పనిచేస్తుంది గానీ ఒకే స్థాయిలో పనిచేయదు. రెండోదాని మీద బాగా గట్టిగా పనిచేస్తుంది, మొదటిదాని మీదా మూడోదాని మీదా కాస్త తక్కువగా, అదీ కొన్ని నెలలే.

ఎందుకలా అంటే, మనం వేయించుకునేది చేతి కండకి. దాని వల్ల తయారయ్యే యాంటీబాడీలు ఎక్కువగా రక్తంలో తిరుగుతుంటాయి, ఊపిరితిత్తులకి బాగా అందుతాయి, ముక్కు లోపలి పొరకి మాత్రం తక్కువే చేరతాయి. వైరస్ దిగేది ముక్కులోనే. అక్కడ ఒకటి రెండు రోజులు పెరిగే చోటు దానికి దొరుకుతుంది, ఈలోగా ఒళ్ళు మేలుకుని తరిమేస్తుంది. ఆ రెండు రోజులే మీరు తుమ్మే రోజులు, పక్కనున్న పిల్లాడికి అంటించే రోజులు. ముక్కులో వేసే టీకాల మీద అంత ఆశ పెట్టుకున్నది అందుకే. భారత్ బయోటెక్ వాళ్ళ కోవిడ్ టీకా ఇన్‌కోవాక్ 2023 జనవరి 26న విడుదలైంది గుర్తుందా, అదీ ఆ జాతిదే.

ఇంకో సంగతి. ఫ్లూ టీకా ఫ్లూకి మాత్రమే. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్‌లే 160 రకాలకి పైగా ఉన్నాయి, వాటికి టీకా లేదు. పిల్లాడికి ఫ్లూ షాట్ వేయించిన వారానికే ముక్కు కారిందంటే, అది ఫ్లూ అయ్యే అవకాశం తక్కువ. కానీ ఇంట్లో అందరూ టీకాని తిట్టేస్తారు.

ఇంట్లోనే ఎందుకు ఇంత ఫాస్ట్‌గా పాకుతుంది? ఆఫీసులో పక్క సీటువాడికి రాదు గానీ ఇంట్లో వచ్చేస్తుంది

ఎంవీపీ కాలనీలో ఓ మామూలు టూ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఊహించుకోండి. ఏసీ ఒకే గదిలో ఉంటుంది, మే జూన్‌లో ఉక్కపోతకి తట్టుకోలేక మంచం మీద ఇద్దరు, కింద పరుపు మీద మామ్మ, మనవడు, తలుపు బిగించి, కిటికీ బిగించి, కర్టెన్ కూడా వేసి, ఎనిమిది గంటలు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. అందులో ఒకడు దగ్గితే ఆ తుంపర తెల్లారేదాకా అక్కడే. ఆఫీసులో పక్కసీటు వాడితో ఇలా పడుకోం కదా.

రెండో కారణం టైమింగ్. ఫ్లూ వచ్చినవాళ్ళు జ్వరం తెలియడానికి ఒక రోజు ముందు నుంచే అంటించడం మొదలెడతారు, కోవిడ్‌లో అయితే రెండు రోజుల ముందు నుంచి. అంటే సోమవారం సాయంత్రం స్కూల్ నుంచి వచ్చిన బాబు బాగానే ఉన్నాడు, మామ్మ ప్లేటులోంచే పెరుగన్నం తిన్నాడు, ఆమె పక్కనే పడుకున్నాడు. మంగళవారం ఒళ్ళు కాలిపోతోంది. మీరు "వాణ్ణి దూరంగా ఉంచండి" అనే టైమ్‌కి మామ్మకి అంటుకోవాల్సింది అంటుకునే ఉంటుంది. ఫ్లూ బయటపడడానికి 1 నుంచి 4 రోజులు, మామూలుగా రెండు రోజులు పడుతుంది కాబట్టి గురువారానికల్లా ఆమెకి ఒళ్ళు నొప్పులు, శుక్రవారానికి బాబు వాళ్ళమ్మకి గొంతు నొప్పి. చూసేవాళ్ళకి "ఒకేసారి అందరికీ వచ్చింది" అనిపిస్తుంది గానీ అది ఒకరి నుంచి ఒకరికి మెట్టు మెట్టుగా దిగింది. టీకా పనికొచ్చేది ఆ మెట్ల దగ్గరే. మనం తప్పించుకోలేని ఆ సోమవారం రాత్రి కూడా పనిచేసేది అదొక్కటే, ఎందుకంటే మాస్కు, వేరే గది లాంటివన్నీ జ్వరం తెలిశాకే కదా మొదలెడతాం.

సరే, తేడా ఎంత? నంబర్లు చెప్పండి

ఇంట్లో ఒకరికి వచ్చాక, అదే ఇంట్లో ఉన్న మిగతావాళ్ళలో నూటికి ఎంతమందికి వచ్చింది అని లెక్కేస్తారు. ఈ లెక్కలు ఎక్కువగా కోవిడ్ టైమ్‌లో బయట దేశాల్లో వేసినవే, అవి ఇక్కడికి అచ్చంగా సరిపోతాయని కాదు గానీ దారి తెలుస్తుంది.

2021 మొదట్లో ఇంగ్లండ్‌లో చూశారు. ముందు జబ్బుపడ్డ మనిషికి టీకా లేకపోతే ఇంట్లోవాళ్ళలో నూటికి దాదాపు 10 మందికి వచ్చింది. ఆ మనిషి కనీసం మూడు వారాల ముందు ఒక డోసు వేయించుకుని ఉంటే అది నూటికి 6 చుట్టూ ఆగింది. ఒక్క డోసుకే దాదాపు 40 నుంచి 50 శాతం తగ్గింది. అందులో ఒక టీకా ఆస్ట్రాజెనెకాది, అంటే మనం ఇక్కడ కోవిషీల్డ్ పేరుతో వేయించుకున్నదే.

తర్వాత డెల్టా అనే కొత్త రకం కోవిడ్ వచ్చింది, కథ మారింది. మళ్ళీ ఇంగ్లండ్‌లోనే ఇళ్ళల్లో రోజూ శాంపిళ్ళు తీసి చూస్తే, టీకా ఉన్న ఇంట్లోవాళ్ళలో 25 శాతానికి, లేనివాళ్ళలో 38 శాతానికి అంటుకుంది. అంటే పట్టుకునేవాళ్ళ వైపు లాభం ఉంది. అంటించేవాళ్ళ వైపు చూస్తే మాత్రం, టీకా ఉన్నవాళ్ళ నుంచి 25 శాతం, లేనివాళ్ళ నుంచి 23 శాతం, అంటే తేడా లేనట్టే. ఒంట్లో వైరస్ మోతాదు బాగా పెరిగినప్పుడు ఇద్దరికీ ఒకేలా ఉంది, కాకపోతే టీకా ఉన్నవాళ్ళకి త్వరగా పడిపోయింది. ఈ రెండో ముక్కనే పట్టుకుని అప్పట్లో "టీకా వేస్ట్" అని తెగ ఫార్వర్డులు తిరిగాయి, 38 నుంచి 25కి తగ్గిన సంగతి ఒక్కడూ రాయలేదు.

ఆ తర్వాత వచ్చిన రకం ఒమిక్రాన్ ఇంకా స్పీడు. 2021 డిసెంబర్‌లో డెన్మార్క్ ఇళ్ళల్లో చూస్తే డెల్టా 21 శాతం మందికి పాకితే, ఒమిక్రాన్ 31 శాతం మందికి పాకింది.

ఫ్లూ సంగతి చూస్తే, 2017 నుంచి 2020 దాకా అమెరికాలో వెనకపడి చూసిన ఇళ్ళల్లో, ఇంట్లోవాళ్ళలో దాదాపు 19 శాతానికి అంటుకుంది, టీకా వేయించుకున్న ఇంటివాళ్ళకి ఆ రిస్కు సుమారు 21 శాతం తగ్గింది. 21 అంటే పెద్దగా లేదు కదా అనిపిస్తుంది, నిజమే, పెద్దగా లేదు. వైరస్‌తో సరిపోలిన ఏడాది డాక్టర్ దగ్గరకి పోయేంత ఫ్లూ మీద ఈ టీకా 40 నుంచి 60 శాతం పనిచేస్తుంది అంటారు. మరి ఒకే గదిలో రాత్రంతా పడుకుంటే అంత లాభం నిలబడదు అనుకోవాలి. ఫ్లూ టీకా ఇంట్లో ఫ్లూని ఆపేస్తుందని నేను ఎవరికీ చెప్పను, తగ్గిస్తుందని చెప్తా.

దీనికి పూర్తి ఎదురుగా తట్టు ఉంది, కొందరు పొంగు అంటారు. అదీ గాలిలో పాకేదే. టీకా లేనివాళ్ళు పదిమంది ఆ ఇంట్లో ఉంటే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. అదే రెండు డోసులు పడితే 97 శాతం రక్షణ, అదీ ఏళ్ళ తరబడి. అన్ని టీకాలూ ఒక్కటి కాదు, ఒకదాని మీద కోపం ఇంకోదాని మీద చూపించకూడదు.

ఇంట్లో ఒకళ్ళిద్దరికి వేయిస్తే చాలదా? అందరికీ అంటే ఖర్చు కదా

ఖర్చే, కాదనను. ఫ్లూ టీకా మన సర్కారు వేసే పిల్లల టీకాల లిస్టులో లేదు, ప్రైవేట్‌లో డబ్బులు పెట్టాలి.

ఒక ఊహ లెక్క చూడండి, ఇది ఏ పరిశోధనదీ కాదు, అర్థమవడానికి వేస్తున్నా. టీకాలే లేకపోతే మనవడి నుంచి మామ్మకి అంటుకునే అవకాశం నూటికి 40 అనుకుందాం. మామ్మ టీకా దాన్ని సగం చేస్తే 20. మనవడికి కూడా ఉండి, అది వాడు అంటించేదాన్ని ఇంకో సగం చేస్తే 10. పైగా టీకా వల్ల వాడు అసలు స్కూల్ నుంచి తెచ్చే అవకాశమే తగ్గింది కదా, అది వేరే. ఇద్దరికీ వేసినప్పుడు లాభాలు కూడికలా కలవవు, ఒకదాన్ని ఒకటి గుణిస్తాయి. నిజంలో ఏ టీకా ఎంత తగ్గిస్తుందో వైరస్‌ని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది గానీ లెక్క నడిచే తీరు ఇదే.

అందుకని డబ్బులు తక్కువుంటే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఇంట్లోకి వైరస్‌ని ఎవరు తెస్తారు? వస్తే ఎవరికి ప్రమాదం? ముందు ప్రమాదం ఉన్నవాళ్ళకి వేయించండి, అంటే గర్భిణి, షుగరో ఆస్తమానో గుండె జబ్బో ఉన్న పెద్దవాళ్ళు, ఐదేళ్ళ లోపు పిల్లలు. తర్వాత తెచ్చేవాళ్ళకి. తెచ్చేది ఎక్కువగా స్కూలు పిల్లలే. ఇంట్లో ఎవరైనా రోజూ వందమందిలో తిరిగే పని చేస్తుంటే, స్టీల్ ప్లాంట్ షిఫ్టు బస్సులో వెళ్ళేవాళ్ళయినా, పూర్ణా మార్కెట్‌లో షాపు ఉన్నవాళ్ళయినా, వాళ్ళూ అంతే. మధ్యలో ఉండేవాళ్ళు, అంటే ముప్పై నలభై ఏళ్ళ ఆరోగ్యవంతులు, వరసలో ఆఖరున.

చాలా ఇళ్ళల్లో నేను చూసేది దీనికి తిరగేసి ఉంటుంది. కంపెనీవాళ్ళు ఫ్రీగా వేశారని కొడుకు వేయించుకుంటాడు, ఇంట్లో షుగర్ ఉన్న నాన్నగారికి ఎవ్వరూ అడగరు.

పిల్లలకి వేయిస్తే పెద్దవాళ్ళకి నిజంగా లాభమా? ప్రూఫ్ ఉందా?

ఉంది, ఎదురు ప్రూఫ్ కూడా ఉంది, రెండూ చెప్తా.

కెనడాలో హటరైట్లు అని ఒక జాతి, ఊరికి దూరంగా చిన్న చిన్న కాలనీల్లో కలిసి బతుకుతారు, కలిసి తింటారు. 2008-09 ఫ్లూ సీజన్‌లో కొన్ని కాలనీల పిల్లలకి ఫ్లూ టీకా, మిగతా కాలనీల పిల్లలకి పోల్చి చూడడానికి ఫ్లూతో సంబంధం లేని హెపటైటిస్ ఏ టీకా వేశారు, ఎవరికి ఏది అన్నది లాటరీ. తర్వాత టీకా వేయించుకోని మిగతా జనాన్ని చూశారు. పిల్లలకి ఫ్లూ టీకా పడిన కాలనీల్లో 3.1 శాతానికి ఫ్లూ, పడని కాలనీల్లో 7.6 శాతానికి. అంటే పిల్లల చేతికి పడిన సూది పెద్దవాళ్ళని కాసింది, దాదాపు 61 శాతం.

జపాన్‌లో 1962 నుంచి స్కూలు పిల్లలకి ఫ్లూ టీకా వేశారు, 1994లో ఆ ప్రోగ్రామ్ ఆగిపోయింది. టీకా నడిచినన్నాళ్ళూ చలికాలం మరణాలు తగ్గాయని, ఆపాక పెరిగాయని 2001లో తేల్చారు. ఎక్కువగా చనిపోయేది వృద్ధులే.

ఇప్పుడు మనది. హర్యానాలో బల్లభ్‌గఢ్ దగ్గర పల్లెల్లో మూడేళ్ళ పాటు ఇలాంటిదే చేశారు, ఇంటిని యూనిట్‌గా తీసుకుని 6 నెలల నుంచి 10 ఏళ్ళ పిల్లలకి వేశారు. వేయించుకున్న పిల్లలకి లాభం కనపడింది, మొదటి ఏడాది దాదాపు 25 శాతమే, మూడో ఏడాదికి 74 దాకా. ఇంట్లో మిగతావాళ్ళకి మాత్రం పరోక్ష లాభం కనపడలేదు. ఎందుకని? నాకు అనిపించేది, హటరైట్ కాలనీలో బయటి నుంచి వచ్చేవాళ్ళు తక్కువ, దాదాపు పిల్లలందరికీ పడింది, దారి మూసుకుపోయింది. మన పల్లెలో పక్కింటి పిల్లాడికి టీకా లేదు, వాడు మనింట్లోనే ఆడుకుంటాడు, వాళ్ళ మామ్మా మన మామ్మా ఒకే అరుగు మీద కూర్చుంటారు. మన ఇంటి తలుపుకి బయట నుంచి పది దార్లు. వైజాగ్ అపార్ట్‌మెంట్ ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

కాబట్టి "పిల్లాడికి వేయించేశాం, మామ్మకి అక్కర్లేదు" అనొద్దు. మామ్మకి మామ్మ టీకానే.

ఇంట్లో రెండు నెలల పాప ఉంది, దానికి వేయించే వయసు రాలేదు. ఏం చేయాలి?

ఇక్కడ టీకా విలువ అసలు తెలిసొస్తుంది, ఎందుకంటే ఈ జబ్బులకి పాపకి ఇంకా సొంత టీకా లేదు, చుట్టూ ఉన్నవాళ్ళదే దిక్కు. ఫ్లూ టీకా 6 నెలలు నిండేదాకా వేయరు. తట్టు టీకా 9 నెలలకి మొదటి డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది, ఇవి మన అర్బన్ హెల్త్ సెంటర్లో ఫ్రీగానే వేస్తారు, వాయిదా వేయకండి.

అన్నిటికంటే పెద్ద మార్గం తల్లి కడుపుతో ఉన్నప్పుడే వేయించుకోవడం. ఆమెలో తయారైన యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకి వెళ్తాయి. బంగ్లాదేశ్‌లో గర్భిణులకి ఫ్లూ టీకా వేసి చూస్తే, పుట్టిన పిల్లల్లో మొదటి ఆరు నెలల్లో టెస్టులో తేలిన ఫ్లూ 63 శాతం తగ్గింది, ఇది 2008లో బయటికొచ్చింది. "కడుపుతో ఉన్న పిల్లకి సూదులేంటి" అనే అత్తగార్లకి ఈ ఒక్క నంబర్ చెప్పండి చాలు.

పసిపిల్లల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టే ఇంకో వైరస్ ఆర్‌ఎస్‌వీ, దాంతో ఆయాసం, పిల్లికూతలు, పాలు తాగలేకపోవడం. దీన్ని పాపకి తెచ్చేది చాలాసార్లు అన్నో అక్కో, కెన్యాలో ఇంటింటికీ తిరిగి చూసినా తేలింది అదే, స్కూలుకెళ్ళే పెద్ద పిల్లలే. దీనికి గర్భిణులకి 32 నుంచి 36 వారాల మధ్య వేసే టీకా, 60 దాటినవాళ్ళకి టీకా, పసిపిల్లలకి నేరుగా ఇచ్చే యాంటీబాడీ ఇంజెక్షన్, మూడూ 2023లో అమెరికాలో వాడకంలోకి వచ్చాయి. మీకు దొరుకుతుందా, అవసరమా అన్నది మీ గైనిక్ డాక్టర్నీ, పిల్లల డాక్టర్నీ అడగండి.

ఇక బారసాల గురించి. జనవరిలో బారసాల పెట్టి, ఎనభై మందిని పిలిచి, ఏసీ హాల్లో పాపని చేతులు మారుస్తూ, ప్రతి ఒక్కరూ బుగ్గ మీద ముద్దు. దగ్గుతున్న పెదనాన్నని "కాస్త దూరం నుంచి చూడండి పెదనాన్నా" అనడానికి మనకి మొహమాటం. ఆ మొహమాటం పడకండి, తాంబూలం ఇచ్చి పంపేయండి.

ఫ్లూ టీకా ఏ నెలలో?

మన దగ్గర ఫ్లూకి రెండు సీజన్లు, వానాకాలం ఒకటి, జనవరి నుంచి మార్చి మధ్య చిన్నది ఇంకోటి. టీకా పనిచేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అంటే స్కూళ్ళు తెరవక ముందే, మే నెలలో వేయించేస్తే లెక్క కుదురుతుంది. జులైలో సింహాచలం గిరి ప్రదక్షిణకి లక్షల జనంలో తడుస్తూ నడిచి వచ్చి, దగ్గు మొదలయ్యాక క్లినిక్‌కి వెళ్తే ఆ వైరస్‌కి ఆ టీకా అందదు.

ఏటా ఎందుకంటే వైరస్ మారుతుంది, పాత రక్షణా తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ రకాలు పెట్టాలో ఏడాదికి రెండుసార్లు చెప్తుంది, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికి. క్లినిక్‌లో అట్టపెట్టె ఒకసారి చూపించమనండి, మీద ఏడాది, ఎన్‌హెచ్ (ఉత్తరార్ధం) అనో ఎస్‌హెచ్ (దక్షిణార్ధం) అనో రాసి ఉంటుంది, ఎక్స్‌పైరీ కూడా. కొత్తది అడగండి, ఫ్రిజ్‌లోంచి తీసిందో లేదో చూడండి, ఇందులో సిగ్గేమీ లేదు. 9 ఏళ్ళ లోపు పిల్లాడికి మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఒకటి వేయించి ఊరుకునేవాళ్ళే ఎక్కువ.

నాలుగు రకాల ఫ్లూ వైరస్‌లకి వేసే టీకానే వేయమని పట్టుబట్టక్కర్లేదు. బీ యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా కనపడలేదు, అందుకే ఇప్పుడు మళ్ళీ మూడు రకాలదే చాలంటున్నారు.

టీకా వేయించుకున్నవాళ్ళ నుంచే వైరస్ రాలుతుందట, పసిపిల్ల దగ్గరికి రానివ్వొచ్చా?

రానివ్వండి. కోవాక్సిన్‌లో ఉన్నది చంపేసిన వైరస్. కోవిషీల్డ్‌లో వాడింది ఒళ్ళో పెరగలేని అడినోవైరస్. చేతికి వేసే ఫ్లూ టీకా కూడా చచ్చిన సరుకే. లేని వైరస్ రాలదు. ముక్కులో కొట్టే బతికిన ఫ్లూ టీకా ఒకటి ఉంది, అది వేయించుకున్నవాళ్ళు ఎముక మజ్జ మార్పిడి లాంటిది అయిన మనిషికి కొన్నాళ్ళు దూరంగా ఉండాలి, అలాంటివాళ్ళు ఇంట్లో ఉంటే ముందే డాక్టర్‌కి చెప్పండి. టీకా పడ్డ రాత్రి ఒళ్ళు వెచ్చబడడం ఫ్లూ కాదు, ఒంట్లో పని మొదలైనందుకు.

ఇంట్లో ఒకరికి వచ్చేసింది, ఇప్పుడు పరిగెత్తి మిగతావాళ్ళకి వేయిస్తే?

ఫ్లూకీ కోవిడ్‌కీ ఈ రౌండ్‌కి అందదు, జబ్బు కొన్ని రోజుల్లోనే వస్తుంది, టీకాకి రెండు వారాలు కావాలి. తర్వాతి రౌండ్‌కి పనికొస్తుంది అంతే. బాగా ప్రమాదం ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే, ఫ్లూకి ఒసెల్టామివిర్ అనే వైరస్ మందు ముందు జాగ్రత్తగా ఇవ్వాలా అన్నది డాక్టర్ ఆలోచిస్తారు, వెంటనే ఫోన్ చేయండి, మెడికల్ షాపులో మీరే కొనకండి.

తట్టు మాత్రం వేరు. తట్టు వచ్చిన పిల్లాడితో కలిసిన 72 గంటల్లోపు టీకా వేస్తే, టీకా లేని పిల్లాణ్ణి కాపాడే అవకాశం ఉంది. అక్కడ గంటలు లెక్కపెట్టుకోండి, బుధవారం శనివారం టీకా రోజు దాకా ఆగకండి, ఏఎన్ఎంకి ఫోన్ కొట్టండి.

మాది కంచరపాలెంలో ఒకటే గది, ఐసోలేషన్ అంటే ఎలాగండీ?

వేరే గది, వేరే బాత్రూమ్ అని రాసేవాళ్ళు మన ఇళ్ళు చూడరు. ఒక గదిలో చేయగలిగేవి ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి సముద్రం గాలి తోలుతుంది కదా, ఆ వైపు కిటికీ, ఎదురు తలుపు రెండూ తీసి పెట్టండి, అంత ఫ్రీగా గాలి మారడం ఏ మెషీనూ చేయదు. సాయంత్రం దోమలని మూసేస్తాం, ఒక కిటికీకైనా మెష్ కొట్టించుకుంటే రాత్రంతా తెరిచి ఉంచొచ్చు. ఫ్యాను జబ్బుపడ్డ మనిషి వైపు నుంచి బయటికి గాలి తోసేలా తిప్పండి. పడుకునేటప్పుడు తలలు ఒకే వైపు పెట్టకుండా, ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్ళు. మామ్మని ఆ వారం వేరే ఇంట్లో పడుకోబెట్టే వీలుంటే ఇంకా మంచిది.

మాస్కు ఇద్దరూ పెట్టుకోవాలి, జబ్బు మనిషీ, చూసుకునే మనిషీ. హాంకాంగ్‌లో ఇళ్ళల్లో చేసిన ట్రయల్‌లో మాస్కులూ చేతులు కడుక్కోవడమూ కలిపి చూస్తే, లక్షణాలు కనపడిన 36 గంటల్లోపు మొదలెట్టిన ఇళ్ళల్లోనే ఫ్లూ తగ్గింది. మూడో రోజు మాస్కు వెతుక్కుంటే ఆలస్యమే.

పోయినేడు వచ్చి తగ్గిపోయింది, ఇంక టీకా ఎందుకు?

వచ్చి తగ్గినవాళ్ళకీ కొంత రక్షణ ఉంటుంది, అబద్ధం కాదు. కానీ అదీ తగ్గుతుంది, వైరస్సూ మారుతుంది. 2021 ఏప్రిల్, మేలో డెల్టా వచ్చినవాళ్ళకే 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చింది, మన వీధిలో చూశాం కదా. పైగా జబ్బు ద్వారా రక్షణ సంపాదించాలంటే ముందు జబ్బు పడాలి, ఇంట్లో నలుగురికి పంచాలి.

పనిచేసే అమ్మాయికి, ఆయాకి?

వాళ్ళూ ఆ ఇంటి గాలే పీలుస్తారు. పాపని ఎత్తుకునే ఆయాకి టీకా మీ ఖర్చుతో వేయించండి. జ్వరమొస్తే జీతం కోయకుండా సెలవివ్వండి, కోస్తారని తెలిస్తే దగ్గుతూనే వస్తుంది.

మా మామ్మ మిరియాల కషాయం చాలంటోంది

కషాయం తాగనివ్వండి, గొంతుకి హాయి. టీకా కూడా వేయించండి, రెండింటికీ గొడవ లేదు. గొడవంతా, జ్వరం రాగానే షాపులో అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తోనే, అది వైరస్ మీద పనిచేయదు.

ఇంట్లో చూసుకుంటే చాలా, ఎప్పుడు కేజీహెచ్‌కి, అంటే పెద్దాస్పత్రికి వెళ్ళాలి?

టీకా వేయించుకున్నాం కదా అని ఆగొద్దు, ఇవి కనపడితే వెంటనే వెళ్ళండి. పిల్లల్లో ఊపిరి లెక్కపెట్టండి, చొక్కా పైకెత్తి, ఏడవనప్పుడు, ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టి. రెండు నెలల లోపు పాపకి నిమిషానికి 60 గానీ పైన గానీ, 2 నుంచి 11 నెలలకి 50, ఒకటి నుంచి ఐదేళ్ళ లోపు 40, ఈ అంకెకి చేరినా, దాటినా వేగం ఎక్కువ అన్నట్టే. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు మానేసినా, పెదాలు నీలంగా మారినా, లేపితే లేవకపోయినా అంతే. పెద్దవాళ్ళలో ఆయాసం, ఛాతీ నొప్పి, పొంతన లేని మాటలు, ఆక్సీమీటర్‌లో 94 కంటే కిందకి రావడం, జ్వరం తగ్గి రెండు రోజులు బాగుండి మళ్ళీ దగ్గుతో రావడం. మధురవాడ వైపు వాళ్ళకి హనుమంతవాక విమ్స్ ఆస్పత్రి దగ్గర, ఊళ్ళోవాళ్ళకి కేజీహెచ్, బండి లేకపోతే 108. వెళ్ళేటప్పుడు టీకా కార్డు, వాడుతున్న మందుల చీటీ సంచిలో వేసుకోండి, క్యాజువాలిటీలో ఏమేం వాడుతున్నారని అడుగుతారు.